పక్క రొయ్యల చెరువు ఉప్పుకు నా వరి చేను పోతోంది, కోర్టుకు వెళ్తే నిలబడుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఆకివీడు దగ్గర మీకు రెండున్నర ఎకరాల వరి చేను ఉంది. మూడేళ్ల కిందట పక్క రైతు తన ఆరెకరాలను చెరువుగా మార్చి, బోరు ఉప్పునీటితో వెనామీ రొయ్య వేస్తున్నారు. అప్పటి నుంచి గట్టు వైపు మడులు ఎర్రబడుతున్నాయి. దాళ్వాలో (రబీ పంటలో) ఎకరాకు నలభై బస్తాలు పండిన చేను ఈసారి ఇరవై ఆరుకు దిగింది. అడిగితే ఆయన, "నాకు అనుమతి ఉంది బాబాయ్. నా చెరువు మీద లక్షలు తిరుగుతాయి, నీ వరి మీద వచ్చేది ఎంత? నీ చేను కూడా లీజుకు ఇచ్చేయి" అన్నారు. ఎక్కువ సంపాదించేవారి వైపే చట్టం మొగ్గుతుందా అన్నది మీ సందేహం.

మొగ్గదు. అనుమతి ఉన్నా, ఆయన లాభం మీ నష్టానికి పది రెట్లు ఉన్నా, ఆయన చెరువు ఉప్పు మీ నేలలోకి దిగితే దానికి ఆయనే బాధ్యుడు. జరిగిన నష్టానికి పరిహారం అడగవచ్చు, ఇకముందు ఊట రాకుండా చేయమని కోర్టు ఆజ్ఞ కోరవచ్చు. అయితే చెరువు మూయించి తీరాలన్న పట్టుదలతో వెళ్తే మీ దావా బలహీనపడుతుంది. చెరువు నుంచి ఊరే ఉప్పునీటిని మధ్యలోనే పట్టే ఊట కాలువ తవ్వించాలి, నష్టం కట్టించాలి అని వెళ్తే బలపడుతుంది. ఈ తేడా వెనక ఉన్న ఆర్థిక తర్కం తెలిస్తే మీ వకీలుతో ఏమి మాట్లాడాలో, లోక్ అదాలత్‌లో ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో మీకే తెలుస్తుంది. నేను పశ్చిమ గోదావరి కోర్టుల్లో చాలా కాలంగా సివిల్ కేసులు చూస్తున్నాను. ఇలాంటి తగాదాల్లో రైతుల తరఫునా వాదించాను, చెరువుల తరఫునా వాదించాను.

ముందు ఆ "లక్షలు" అన్న మాట సంగతి చూద్దాం. చెరువు యజమాని సీడుకు డబ్బు కడతారు, మేతకు కడతారు, ఏరియేటర్ల కరెంటుకు కడతారు, కాపలా మనిషికి జీతం ఇస్తారు. ఎవరూ ఆయనకు మేత ఉచితంగా ఇవ్వరు. ఒక్కటి మాత్రం ఉచితంగా దొరుకుతోంది: గట్టు దాటిన ఉప్పు దిగడానికి చోటు. ఆ చోటు మీ చేను. నిజంగా ఆయన లాభం అంత పెద్దదైతే, అందులోంచి మీ నష్టం కట్టినా ఆయనకు మిగులుతుంది. కడితే మిగలదంటారా, అప్పుడది లాభం కాదు, మీ బస్తాలు ఆయన లెక్కలోకి వెళ్లి లాభంలా కనబడుతున్నాయి. పౌర బాధ్యత చట్టం చేసే పని ఇదే. బయటివారి మీద పడుతున్న ఖర్చును తెచ్చి, దాన్ని పుట్టిస్తున్నవారి ఖాతాలో రాస్తుంది. రాసిన తరువాత చెరువు నడపాలా, ఊట కాలువ తవ్వాలా, గట్టు నుంచి వెనక్కి జరగాలా అన్నది ఆయనే తేల్చుకుంటారు. శిక్షించడం దీని ఉద్దేశం కాదు. ఎదుటి పక్షానికి ఈ మాట నెమ్మదిగా చెబితే సగం కోపాలు అక్కడే చల్లారడం నేను చూశాను.

ఇక నిర్లక్ష్యం అంటే ఏమిటన్నది. 1947లో అమెరికాలో న్యూయార్క్ రేవులో తాడు వదులై కొట్టుకుపోయిన ఒక బార్జి (సరుకు పడవ) కేసులో, లెర్నెడ్ హ్యాండ్ అనే న్యాయమూర్తి ఒక సూత్రం చెప్పారు. జాగ్రత్తకు అయ్యే ఖర్చు, ప్రమాదం జరిగే అవకాశాన్ని నష్టంతో హెచ్చవేస్తే వచ్చే మొత్తం కంటే తక్కువై ఉండి కూడా ఆ జాగ్రత్త తీసుకోకపోతే అది నిర్లక్ష్యం. మన కోర్టులు ఈ సూత్రాన్ని పేరు పెట్టి వాడటం అరుదు, కానీ న్యాయమూర్తి మనసులో జరిగే తూకం దాదాపు ఇదే. మీ సంగతికి పెట్టి చూద్దాం. ఖర్చు అంకెలు నేను ఉదాహరణకు అనుకుంటున్నవి, మీరు మీ ఊరి రేట్లు వేసుకోండి. మీ వైపు గట్టు పొడవునా జేసీబీతో ఊట కాలువ తవ్వి, దిగిన నీరు తోడటానికి చిన్న మోటారు పెట్టడానికి లక్షన్నర అవుతుందనుకుందాం. ఐదేళ్లు పనికొస్తే ఏడాదికి ముప్ఫై వేలు. కరెంటు, పూడిక తీత, కాలువకు పోయే స్థలం కలిపి మరో పది వేలు. మొత్తం ఏడాదికి నలభై వేలు. మీ వైపు చూస్తే ఎకరాకు పద్నాలుగు బస్తాలు, రెండున్నర ఎకరాలకు ముప్ఫై ఐదు బస్తాలు పోయాయి. 2024-25లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,725. ముప్ఫై ఐదు బస్తాలకు 60,375 రూపాయలు. పండని బస్తాలకు కోత, మోత ఖర్చు మీకు మిగిలింది కాబట్టి అది కొంత తీసేయాలి. తీసేసినా నలభై వేల కంటే పైనే ఉంటుంది. ఊట అప్పుడప్పుడూ వచ్చే ప్రమాదం కాదు, చెరువులో నీరున్నంత కాలం దిగుతూనే ఉంటుంది, కాబట్టి "అవకాశం" దాదాపు నూటికి నూరు. నలభై వేలతో ఆగే నష్టాన్ని ఆపలేదంటే అది నిర్లక్ష్యమే. నోటీసులో మీ కష్టం గురించి రెండు పేజీలు రాయించే బదులు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టించండి.

అసలు నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పని ఉందా అన్నది ఇంకో ప్రశ్న. 1868లో ఇంగ్లాండులో రైలాండ్స్ కేసు తీర్పు వచ్చింది. ఒక మిల్లు యజమాని నీటి చెరువు కట్టించుకుంటే, అడుగున ఉన్న పాత గని సొరంగాల గుండా నీరు పక్కవారి బొగ్గు గనిలోకి వెళ్లింది. ఆయన తప్పు వ్యక్తిగతంగా ఏమీ లేదు. అయినా తన అవసరం కోసం తన నేల మీదికి ప్రమాదకరమైనదాన్ని తెచ్చి నిలవ చేసినవాడే, అది దాటిపోతే బాధ్యుడని తేల్చారు. మీ కేసుకు అతికినట్టు సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఎదుటి వకీలు తప్పకుండా మన నేల మీది కేసు ఒకటి తీస్తారు. కార్వేటినగరం జమీందారు మీద మద్రాసు రైల్వే కంపెనీ వేసిన దావా అది. రెండు చెరువులు తెగి రైల్వే వంతెనలు కొట్టుకుపోతే, 1874లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు) జమీందారుకు బాధ్యత లేదంది. ఎందుకంటే అవి ఆయన సరదాకో లాభానికో తవ్వుకున్నవి కావు. తరతరాలుగా ఆ ప్రాంతపు సేద్యానికి ఆధారమైనవి, వాటిని కాపాడటం ఆయన విధి, మానేసే హక్కే ఆయనకు లేదు. అందుకని నిర్లక్ష్యం రుజువు కావాలన్నారు. ఈ తీర్పును చూసి భయపడకండి. చదివితే అది మీకే ఉపయోగపడుతుంది. ఊరందరి పంటకు నీరిచ్చే చెరువుకూ, ఒకరి లాభానికి ఉప్పునీరు తెచ్చి నింపిన చెరువుకూ మధ్య గీత గీసింది ఆ తీర్పే.

ఈ బాధ్యతలో కూడా మెట్లు ఉన్నాయి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. అలాంటి చోట ఇంట్లో నిద్రపోతున్నవారు తీసుకోగల జాగ్రత్త ఏమీ లేదు. జాగ్రత్త అంతా ఒకే పక్షం చేతిలో ఉన్నప్పుడు మినహాయింపుల్లేని బాధ్యత పెట్టడమే సరైనదని, పరిహారం ఆ సంస్థ శక్తికి తగినట్టు ఉండాలని ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. శక్తికి తగినట్టు ఎందుకంటే, నష్టపోయినవారిలో అందరూ కోర్టుకు రారు. వచ్చిన కొద్దిమందికి మాత్రమే అచ్చంగా నష్టమంత కట్టిస్తే, కట్టేవారికి మొత్తం నష్టం కంటే చవకగానే అయిపోతుంది. చవకైన దాన్ని ఎవరూ మానరు. రొయ్యల చెరువు ఆ మెట్టు మీద లేదు. ఇక్కడ మీరు కూడా చేయగల జాగ్రత్త కొంత ఉంది, చేయకపోతే పరిహారం తగ్గుతుంది. కాలువలో నీరున్న రోజుల్లో మడి కట్టి మంచినీటితో కడిగారా? మురుగు బోదె పూడిక తీశారా? ఇవి అడుగుతారు. జిప్సం చల్లాను అని చెప్పి ఊరుకోవద్దు. జిప్సం కారు చౌడుకు (క్షారం పెరిగిన నేలకు) మందు. పాల చౌడుకు (ఉప్పు పెరిగిన నేలకు) మంచినీటితో కడిగి మురుగు బయటికి పంపడమే దారి. సాగునీటి కాలువలు మూసేశాక నీరే లేదంటే, ఆ మాటకు కాలువల మూత తేదీ ఆధారంగా చూపించండి.

లీజు ప్రస్తావన గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డెల్టాలో అసలు నష్టం అక్కడే జరుగుతోంది. 1960లో రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక వాదన చెప్పారు. బేరం ఆడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే, హక్కు ఎవరికి ఇచ్చినా ఇద్దరూ మాట్లాడుకుని నేలను ఎక్కువ విలువ ఉన్న వాడకానికే మళ్లిస్తారు. హక్కు ఎవరిదన్నది ఎవరు ఎవరికి డబ్బు కట్టాలో మాత్రమే తేలుస్తుంది. చెరువుల పక్షం వకీళ్లు ఈ వాదనను సగమే చెబుతారు. రెండో సగం ఏమిటంటే, బేరానికి నిజంగా ఖర్చు ఉంటుంది, అప్పుడు హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే అన్నిటినీ నిర్ణయిస్తుంది. మన దగ్గర ఎలా జరుగుతోంది? మొదటి చెరువు తవ్వారు. పక్క చేను దిగుబడి పడింది. ఆ రైతు విసిగి లీజుకు ఇచ్చారు. ఇప్పుడు రెండు చెరువులయ్యాయి, వాటి మధ్య చేను చిక్కుకుంది. నాలుగేళ్లకు ఆ చుట్టూ చెరువులే, నడుమ ఒక్క వరి చేను. ఆ రైతు సంతకం చేసిన లీజు కాగితాన్ని చూపించి "ఇష్టపడి ఇచ్చాడు" అంటారు. నేల పాడైన తరువాత ఆడే బేరం, నేల బాగున్నప్పుడు ఆడే బేరం ఒకటి కావు. నష్టపరిహారపు హక్కు ముందుగా తేలితేనే ఆ బేరం న్యాయంగా జరుగుతుంది. కాబట్టి మీరు చివరకు లీజుకే ఇవ్వదలచుకున్నా, ముందు ఊట సంగతి నోటీసుతో తేల్చుకుని తరువాత లీజు మాట్లాడండి. అప్పుడు లీజు రేటే వేరుగా ఉంటుంది. ముగిసేటప్పుడు నేలను వరికి పనికొచ్చేలా తిరిగి అప్పగించే షరతు, దానికి డిపాజిట్ రాయించుకోకుండా ఎవరూ చెరువుకు భూమి ఇవ్వకండి.

మీ పరిస్థితిలో బేరసారాలకు అనువుగా ఉన్నది ఒక్కటే: మీరిద్దరే ఉన్నారు. పది మంది రైతులుంటే కలిపి కూర్చోబెట్టడమే ఒక పని. అలాంటప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద అందరి తరఫునా ఒకరిద్దరు దావా వేయడం ఖర్చు తగ్గిస్తుంది. అటువైపు ఐదు చెరువులుంటే మాత్రం ఎవరి ఉప్పు ఎంత అన్న చిక్కు వస్తుంది. అన్నిటినీ ప్రతివాదులుగా చేర్చకపోతే ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు వేలు చూపిస్తారు.

చెరువు మూయించాలని పట్టుబట్టవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. 1970లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము మీద పొరుగువారు వేసిన బూమర్ కేసులో, ఫ్యాక్టరీ పెట్టుబడి 4.5 కోట్ల డాలర్లకు పైన, పొరుగువారి శాశ్వత నష్టం 1.85 లక్షల డాలర్లు. కోర్టు ఫ్యాక్టరీని మూయించలేదు, శాశ్వత నష్టం కట్టి నడుపుకొమ్మంది. "మూసేయాలా, వద్దా" అన్న రెండే దారులు మీరు కోర్టు ముందు పెడితే మన న్యాయమూర్తులు కూడా పెట్టుబడి వైపు ఒకసారి చూస్తారు. మూడో దారి మీరే చూపించండి. ఊట కాలువ తవ్వాలి, గట్టు నుంచి ఇన్ని మీటర్లు వదలాలి, చెరువు నీరు పంట బోదెలోకి వదలకూడదు అని నిర్దిష్టంగా కోరండి. అది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సెక్షన్ 39 కింద కోరగల ఆజ్ఞ. సెక్షన్ 40 ప్రకారం దానితోపాటు నష్టపరిహారం కూడా అదే దావాలో అడగాలి, అడగకుండా ఉండి ఆ దావా కొట్టేస్తే తరువాత విడిగా అడిగే హక్కు పోతుంది. మీ ప్రాంతం తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ పరిధిలోకి వస్తే, వ్యవసాయ భూమికీ చెరువుకూ మధ్య నేల స్వభావాన్ని బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండాలన్న మార్గదర్శకం కూడా మీకు అండ. "అనుమతి ఉంది" అన్న మాటకు జవాబు కూడా అదే. అనుమతి చెరువు తవ్వుకోవడానికి ఇచ్చినది, పక్క చేనులో ఉప్పు దింపడానికి ఇచ్చినది కాదు.

పరిహారం లెక్క వేసేటప్పుడు ఒక జాగ్రత్త. పోయిన పంటలు, గడ్డి, నేల బాగుచేసే ఖర్చు, బాగయ్యే వరకు పోయే పంటలు, వీటన్నిటినీ అడగవచ్చు. వాటితోపాటు "భూమి విలువ పడిపోయింది" అని కలిపితే ఎదుటివారు వెంటనే పట్టుకుంటారు. భూమి విలువ అంటే ఇకముందు రాబోయే పంటల విలువే, ఒకే నష్టాన్ని రెండుసార్లు అడిగినట్టవుతుంది. రెండింటిలో ఏది ఎక్కువో, ఏది రుజువు చేయగలరో అది అడగండి. వడ్డీ అడగడం మరచిపోకండి. దావా ఏళ్ల తరబడి నడిస్తే వడ్డీ లేని పరిహారం ఎండలో పెట్టిన ఉప్పునీరులా తరిగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం మట్టి రిపోర్టు. పొలం చూసి రమ్మని కోర్టు నియమించిన కమిషనర్‌గా వెళ్లినప్పుడు నేను చూసే పద్ధతి చెబుతాను. చెరువు గట్టు అడుగు నుంచి చేను లోపలికి ఒకే వరసలో ఐదు మీటర్లు, పదిహేను, నలభై, ఎనభై మీటర్ల దగ్గర నమూనాలు తీయిస్తాను. గట్టు పక్కన మడిలో దుబ్బులు చేత్తో లాగితే వేళ్లు గోధుమ రంగులో, పొట్టిగా వస్తాయి. ఆకుల కొనలు మాడి ఉంటాయి, ఆరిన గట్టు మీద తెల్లటి పొర గోటికి రాలుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ పైరు పచ్చబడుతుంది. ఉప్పు అంకె కూడా గట్టు నుంచి దూరం పోయేకొద్దీ క్రమంగా తగ్గితే, అది ఎక్కడి నుంచి వస్తోందో వేరే సాక్షి చెప్పనక్కర్లేదు. ఒక కేసులో నేను చెరువు తరఫున ఉన్నాను. రైతు తెచ్చిన నమూనా ఒక్కటే, అదీ డ్రెయిన్ (మురుగు కాలువ) పక్క నుంచి తీసినది. వేసవిలో సముద్రపు పోటుకు డ్రెయిన్లు ఎగదన్ని ఉప్పునీరు పైకి రావడం డెల్టాలో అందరికీ తెలిసినదే. చెరువు వల్ల పాడైందో, డ్రెయిన్ వల్ల పాడైందో తేలలేదు, దావా కొట్టేశారు. ఆ రైతు చెప్పింది నిజమేనని నా నమ్మకం. నిజం కాగితం మీదికి రాలేదు.

ఆ రిపోర్టు అంకె మీ నష్టానికి సరిపోవాలి కూడా. నేలలో ఉప్పు ఎంతో చెప్పే కొలత, నేల సారపు విద్యుత్ వాహకత. వరి దాన్ని మీటరుకు 3 డెసీసైమన్ల వరకు తట్టుకుంటుంది, ఆ పైన ఒక్కో యూనిట్‌కు దాదాపు 12 శాతం దిగుబడి పోతుందని వ్యవసాయ శాస్త్రం వాడే లెక్క. మీకు 35 శాతం పోయింది, అంటే చేను సగటు 6 దగ్గర ఉండాలి. రిపోర్టులో 3.5 వస్తే మిగతా నష్టం తెగులు వల్లనో, నారు ఆలస్యం వల్లనో అని వాదిస్తారు. ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఉంది. మామూలు మట్టి పరీక్షలో మట్టికి రెండు రెట్లో, రెండున్నర రెట్లో నీరు కలిపి కొలుస్తారు, అంకె తక్కువ వస్తుంది. పైన చెప్పిన లెక్క సంతృప్త సారానిది, అంటే మట్టి ముద్దయ్యేంత మాత్రమే నీరు కలిపి అందులోంచి లాగిన నీటిది. ల్యాబులో ఏ పద్ధతో అడిగి రిపోర్టు మీద రాయించుకోండి.

ఎక్కడ వేయాలన్నది మీ వకీలు తేల్చాలి, కానీ చిక్కు తెలిసి ఉండండి. పర్యావరణ చట్టాల ఉల్లంఘన అని రాస్తే అది జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిధి, మనకు చెన్నై బెంచి. అక్కడ పరిహారానికి గడువు ఐదేళ్లు. ట్రిబ్యునల్ తేల్చగల పరిహారాన్ని సివిల్ కోర్టు తేల్చకూడదని ఆ చట్టంలోని సెక్షన్ 29 చెబుతోంది. కాబట్టి స్థానిక కోర్టుకు వెళ్లేటట్టయితే ఇది ఇద్దరు పొరుగువారి మధ్య న్యూసెన్స్ (పక్కవారి నేల వాడకానికి ఇబ్బంది కలిగించడం), నేల మీద హక్కు తగాదా అన్నట్టే దావా ఉండాలి. సివిల్ దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. ఊట ఆగకుండా కొనసాగుతోంది కాబట్టి గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది, కానీ మీ మొదటి ఏడాది పంట నష్టం చేజారే దశలో ఉంది, ఆలస్యం చేయకండి. చేను మీరు కౌలుకు ఇచ్చి ఉంటే పంట నష్టం కౌలు రైతుది, నేల నష్టం మీది. ఇద్దరూ వాదులుగా చేరాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు కార్డు ఉంటే ఆ పని సులువు.

నేను చూసిన వాటిలో సంతృప్తిగా ముగిసిన కేసు ఒకటి లోక్ అదాలత్‌లో తేలింది. చెరువు యజమాని తన ఖర్చుతో ఊట కాలువ తవ్వడానికి, నేల కోలుకునే వరకు ఎకరాకు ఇన్ని బస్తాలని ధాన్యం లెక్కన కట్టడానికి ఒప్పుకున్నారు. డబ్బు అంకె మీద రెండు వాయిదాలు తెగని బేరం, బస్తాల్లో మాట్లాడేసరికి ఒక్క పూటలో తెగింది. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కాబట్టి నోటీసు ఇచ్చాక ఆయన మాటలకు వస్తే తోసేయకండి. కానీ కాలువ ఏ తేదీలోగా తవ్వాలి, ఎంత లోతు, మోటారు కరెంటు బిల్లు ఎవరిది, తవ్వకపోతే రోజుకు ఎంత అన్నవి అవార్డులో లేకుండా సంతకం పెట్టకండి.

ప్రస్తుతానికి మీరు చేయవలసింది దాళ్వా కోత కాకముందే, కాలువలు కట్టేయకముందే నాలుగు దూరాల్లో మట్టి తీయించడం, గట్టు వైపు మడీ లోపలి మడీ విడివిడిగా నూర్పించి బస్తాలు తూకం రాయించడం. ఆ రెండూ చేతికొచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, నోటీసులో ఏ మొత్తం అడగాలో లెక్క వేసి చెబుతాను.